రేచల్ చూసిన గొరిల్లా

నాకు దగ్గు లేదు. ఇందులో ఇంకేది నమ్మినా నమ్మకపోయినా ఆ ఒక్క ముక్క నమ్మండి. నాకున్నది సుద్దముక్క గొంతు. ముప్పై ఏళ్ళు దాటి హైస్కూళ్ళలో జీవశాస్త్రం చెప్పి, బోర్డులు తుడిచి, ఆ పొడి పీల్చి పీల్చి తెచ్చుకున్న గొంతు. మాట మొదలుపెట్టే ముందు ఒకసారి "హుమ్" అని సవరించుకుంటే గానీ నాకు పలుకు రాదు. ఆ చప్పుడు వినగానే మావారు ఇస్సాకుగారు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టేస్తారు, ఏదో పాఠం మొదలవబోతోందని.

మా ఆడపడుచు రేచల్‌కి ఆ గొంతు సంగతి ఆయనకన్నా బాగా తెలుసు. నేను పి.గన్నవరం కోడలిగా అడుగుపెట్టేనాటికి తను ఎనిమిదో తరగతి. తల్లి లేని పిల్ల. జడ వేసింది నేను, లెక్కలు చెప్పింది నేను, పదో తరగతి గట్టెక్కించింది నేను. పెళ్ళయ్యాక కూడా పక్కవీధిలోనే కాపురం. భర్త పోయాక రోజూ సాయంత్రం టీ మా ఇంట్లోనే. పొద్దున లేస్తే "వదినా" అన్న పిలుపు వినని రోజు నా జీవితంలో లేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, చేసింది పరాయి మనిషైతే నేను ఈపాటికి మరిచిపోయేదాన్ని.

మా స్కూలు ల్యాబులో ఒక చార్టు ఉండేది. కొండ గొరిల్లా బొమ్మ. కోనసీమలో పుట్టి, ఏటిగట్టు కన్నా ఎత్తయిన నేల ఎరగని పిల్లలకి నేను ఆ బొమ్మ చూపించి, మబ్బుల్లో ఉండే అడవుల గురించి చెప్పేదాన్ని. ఆ గొరిల్లాలు ఆఫ్రికాలో మూడు దేశాలు కలిసేచోట తప్ప ఇంకెక్కడా లేవనీ, అన్నీ కలిపి లెక్కపెట్టినా మా చర్చి క్రిస్మస్ ఆరాధనకి వచ్చే జనమంతే ఉంటాయనీ చెప్పేదాన్ని. పరిణామం పాఠం వచ్చిందంటే మాత్రం నాకు ఊళ్ళో తిప్పలే. చర్చిలో మా ముందు వరసలో కూర్చునే జయమ్మగారు వెనక్కి తిరిగి, "మీ చుట్టాల్ని చూట్టానికి ఎప్పుడెల్తన్నారండి టీచరుగారూ" అని అడిగేది. నవ్వేసేదాన్ని. నాకు దేవుడి మీద నమ్మకమూ ఉంది, గొరిల్లా మీద ఆశా ఉంది. ఒక్కసారి, బొమ్మలో కాదు, ఎదురుగా నిలబడి దాని మొహం చూడాలి. అది నన్ను చూడాలి. అంతే నా కోరిక.

అందరి పిల్లలూ కువైట్, దుబాయి పోతుంటే రేచల్ కొడుకు బెన్నీ మాత్రం ఉగాండాలోని కంపాలా పోయాడు. అక్కడేదో ఇనుము కంపెనీలో అకౌంట్లు చూస్తాడు. వాడే ఫోన్ చేశాడు. "అత్తా, అమ్మ ఒక్కత్తీ రానంటంది. నువ్వు తీసుకొచ్చేయ్. నీకు గొరిల్లాల్ని చూపిత్తాను," అన్నాడు. ఆ మాటకి నేను కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చున్నాను. అప్పటికే నా మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. అమలాపురం డాక్టరు సినిమా చూసినంతసేపు ఎక్స్‌రే చూసి, "ఎక్కాల్సిన కొండలేమైనా ఉంటే ఈ ఏడే ఎక్కేయండమ్మా, ఆపరేషన్ తరవాత ఆశ పెట్టుకోవద్దు," అన్నాడు. ఆయన వేళాకోళానికే అన్నాడు. నేను మాత్రం ఆ మాట పట్టుకున్నాను.

మాకు కొండ ఎక్కడుంది? అందుకని ఏటిగట్టే కొండ చేసుకున్నాం. తెల్లారగానే నేనూ రేచలూ గట్టు ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. అటు ఏటి మీదుగా కాలవని దాటించే అక్విడక్టు దాకా నడక. కొబ్బరికాయలు దింపే వాళ్ళు పని ఆపి మరీ మమ్మల్ని చూసేవారు. నా మోకాలు పట్టేస్తే రేచల్ నా చెయ్యి పట్టుకుని లాగేది. "నువ్వెక్కలేకపోతే నేనూ చూణ్ణు వదినా, నీతోపాటు కిందే కూకుంటాను," అనేది. నేను అడగలేదు. తనే అంది.

ఆగస్టులో వెళ్ళాం. బెన్నీ జీపు మాట్లాడి ముందు మమ్మల్ని సఫారీకి తిప్పాడు. పైకప్పు పైకి లేచే జీపు. సరస్సుకీ సరస్సుకీ మధ్య మైళ్ళకొద్దీ గడ్డి. నాకు కళ్ళు చాలలేదు. ఏనుగుల మంద కనపడింది, మన ఏనుగులకన్నా చెవులు ఎంత పెద్దవో రేచల్‌కి చూపించాను. నీళ్ళలో నీటిగుర్రాలు ముక్కులు మాత్రం పైకి పెట్టి పడుకున్నాయి, వాటి చర్మం ఎండకి ఎలా పగులుతుందో చెప్పాను. ఒకచోట మర్రిలాంటి పెద్ద చెట్టు కొమ్మ మీద సింహం కాళ్ళు వేలాడేసి నిద్రపోతోంది. డ్రైవరుకన్నా ముందు నేనే చూశాను. సింహాలు మామూలుగా చెట్లెక్కవనీ, ఈ ప్రాంతం సింహాలకే ఆ అలవాటనీ చెబుతుంటే బెన్నీ చప్పట్లు కొట్టాడు. రేచల్ "ఆయ్ వదినా, ఆయ్" అంటూ నేను వేలు పెట్టిన వైపల్లా చూసింది. ఎర్రమట్టి దుమ్ముకి నా గొంతు బాగా రాసుకుపోయింది. మాటిమాటికీ సవరించుకోవలసి వచ్చింది.

అక్కణ్ణించి బ్విండి అడవి. కొండల మీద తేయాకు, లోయల్లో అరటి, ఆ పైన మబ్బు. మర్నాడు పొద్దున్నే పార్కు ఆఫీసు దగ్గర చూడవచ్చిన వాళ్ళనందరినీ కూర్చోబెట్టారు. ఆకుపచ్చ యూనిఫారంలో ఉన్న ఒక ఆఫీసరమ్మ నియమాలు చెప్పింది. ఒక గొరిల్లా కుటుంబం దగ్గరికి ఎనిమిది మందికి మించి వెళ్ళకూడదు. గంటకు మించి ఉండకూడదు. మాస్కు తీయకూడదు. జలుబూ దగ్గూ జ్వరం ఉన్నవాళ్ళు ఇప్పుడే చెప్పాలి, ఎందుకంటే మన జలుబే వాటికి న్యుమోనియా అయి గుంపులకి గుంపులు పోగలవు. ఇవన్నీ నాకు తెలిసినవే, క్లాసులో చెప్పినవే. బెన్నీకి గొరిల్లాల మీద మోజు లేదు, "మీరు చూసి రండి, నేను జీపులో పడుకుంటా," అన్నాడు. నేను మధ్యలో ఒకసారి చేతులు కడుక్కోవడానికి వెళ్ళి వచ్చాను. నేను వచ్చేసరికి రేచల్ వంగి బూటు తాళ్ళు కట్టుకుంటోంది.

ఆఫీసరమ్మ నన్ను పక్కకి పిలిచింది. "మేడమ్, మీకు దగ్గుందా?" అని అడిగింది.

లేదని చెప్పడానికి నోరు తెరిచాను. నోరు తెరవడానికి ముందు అలవాటు ప్రకారం "హుమ్" అన్నాను. ఒకసారి అనేసరికి దుమ్ము పట్టిన గొంతు కదా, ఇంకో రెండుసార్లు వచ్చింది. ఆమె మొహంలో జాలి కనపడింది. నుదుటికి మెషిను పెట్టి చూసింది, జ్వరం లేదు. ఇది సుద్దపొడి అనీ, నేను టీచర్ననీ, ఇది ఎవరికీ అంటేది కాదనీ నాకు వచ్చిన ఇంగ్లీషంతా వాడి చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని వింది. విని, "క్షమించండి, వాటి ప్రాణాలతో మేం పందెం వెయ్యలేం," అంది.

రేచల్ వైపు చూశాను. తను చెప్తుంది అనుకున్నాను. ఇంగ్లీషు రాకపోతే తెలుగులోనైనా, చేతులు ఊపైనా, మా వదిన గొంతే అంత అని చెప్తుంది కదా. తను తల వంచుకుని ఉంది. పాపం, బెదిరిపోయింది అనుకున్నాను. "నువ్వెళ్ళవే, నా కోసం ఆగకు," అని నేనే పంపించాను.

ఆ రోజంతా బస వరండాలో కూర్చున్నాను. ఎదురుగా అదే కొండ. వంటామె పచ్చి అరటికాయలు చెక్కుతూ కూర్చుంది. మన రావులపాలెం మార్కెట్లో గెలలు దిగినట్టు అక్కడ గుట్టగా పోసి ఉన్నాయి. నేను ఏడ్చాను, నాకు సిగ్గు లేదు. బెన్నీ "పోన్లే అత్తా" అంటూ టీ తెచ్చి ఇచ్చాడు. తరవాత నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. నియమం మంచిది. ఆ ఆఫీసరు స్థానంలో నేనున్నా అదే చేస్తాను. నా గొంతే నన్ను మోసం చేసింది, దానికి ఎవరేం చేస్తారు.

మధ్యాహ్నం దాటాక వాన వెలిసింది. రేచల్ మోకాళ్ళ దాకా బురదతో వచ్చింది. వస్తూనే నన్ను వాటేసుకుని భోరుమంది. "నువ్వు లేకుండా చూసేను వదినా," అంది. ఊరుకోబెట్టి, నీళ్ళు కాయించి, బూట్లు నేనే విప్పాను. గొరిల్లా ఎలా ఉందే అని అడిగితే, "ఏముంది వదినా, పెద్దదే," అంది. నా మనసు నొచ్చుకుంటుందని చెప్పడం లేదనుకుని మురిసిపోయాను. ఫోన్లో తీసిన ఫోటోల్లో తడి ఆకులూ, ఓ నల్లటి వీపూ తప్ప ఏమీ లేవు. ఇంటికొచ్చాక కూడా టీ తాగుతూ ఎన్నిసార్లు అడిగానో. ప్రతిసారీ మాట తప్పించేది.

నేను మాత్రం ఊరూరా ఆ నియమాన్ని వెనకేసుకొచ్చాను. ముక్తేశ్వరంలో మా చెల్లి, మురమళ్ళలో మా పాత హెడ్మాస్టరుగారు, ఎవరు అయ్యో అన్నా, అలా అనకండి, వాళ్ళు చేసింది న్యాయం అని పాఠం చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అక్టోబరులో రేచల్ ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. మా వాళ్ళలో దూరప్రయాణం చేసి క్షేమంగా వస్తే కూడిక పెట్టి, దేవుడు చేసిన మేలు నలుగురిలో సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. సందులో షామియానా వేశారు. వెనకాల డేగిశాల్లో బిర్యానీ దమ్ము మీద ఉంది. పాటలయ్యాక పాస్టరుగారు రేచల్ చేతికి మైకు ఇచ్చారు. తెల్లచీర, తల మీద కొంగు. నేను ఆడవాళ్ళ ముందు వరసలో, జయమ్మగారి పక్కన కూర్చున్నాను. తనకి మైకంటే భయం, అందుకే ఎదురుగా కూర్చోమని పొద్దున్నే నన్ను అడిగింది.

మొదట్లో తడబడింది. విమానం, వీసా, బెన్నీ ఉద్యోగం, అన్నిటికీ దేవుడికి స్తోత్రం చెప్పింది. జనం స్తోత్రం అన్నారు. దానితో గొంతు లేచింది. సాక్ష్యం చెప్పేవాళ్ళకి వేడెక్కితే ఆపడం ఎవరి తరమూ కాదు.

"అక్కడ అడివిలో దేవుడు నన్నెలాగ వాడుకున్నాడో కూడా చెప్పాలండి. జబ్బున్నోళ్ళు లోపలికెల్తే ఆ మూగజీవాలు చచ్చిపోతాయని ఆఫీసరుగారు చెప్పేరండి. మా వదినగారికి గొంతు బాలేదండి. నాలో ఆత్మ, చెప్పు చెప్పు అని ఒకటే పోరండి. నాకు ఇంగ్లీషు రాదు కదండీ. అయినా లేచెల్లి, మై సిస్టర్ కాఫ్, నైట్ ఫుల్ కాఫ్, అని చెప్పేసేనండి. ఆ మాటలు నావి కావండి, ప్రభువే నా నోట పెట్టేడు. నాకు ప్రాణమైన వదినగారని కూడా చూడకుండా, దేవుడి సృష్టిని కాపాడే ధైర్యం నాకిచ్చినందుకు స్తోత్రం."

"స్తోత్రం," అంది సందంతా. "హల్లెలూయా," అన్నారు పాస్టరుగారు.

"ఆమెన్," అన్నాను నేను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఉన్న అలవాటు, నోరు దానంతట అదే అనేసింది. అన్నాక గానీ తను ఏం చెప్పిందో నాకు ఎక్కలేదు. ఆ ఇంగ్లీషు ముక్కలు ప్రభువు నేర్పినవి కావు. పదో తరగతి పరీక్షలకి, మా వంటింటి గట్టు మీద కూర్చోబెట్టి నేను నేర్పినవి.

జయమ్మగారు నా భుజం తట్టి, "ఎంత నిజాయితీ అండీ మీ ఆడపడుచుది," అంది. నేను లేచి వెళ్ళిపోతే అందరూ చూస్తారు. ప్రార్థన అయ్యేదాకా కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఒక్క ముక్క ప్రార్థన చెయ్యలేదు.

జనం భోజనాలకి లేచాక మావారు దగ్గరికొచ్చారు. ఆయన మొహం చూస్తే ఆయనకీ అర్థమైందని తెలిసింది. "దాన్నేం అనకు ప్రసన్నా. దేవుడి సన్నిధిలో ఒప్పుకుంది కదా," అన్నారు నెమ్మదిగా.

"ఒప్పుకోలేదండి. గొప్పగా చెప్పుకుంది," అన్నాను.

పెరట్లో నూతిచప్టా దగ్గర రేచల్ బకెట్లో గ్లాసులు ముంచి తీస్తోంది. నన్ను చూసి నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

"రాత్రంతా దగ్గేనా నేను?" అని అడిగాను.

చేతిలో గ్లాసు మళ్ళీ నీళ్ళలో ముంచింది.

"ఒకే గదిలో, ఒకే మంచం మీద పడుకున్నాం. దగ్గేనా?"

"లేదు వదినా."

"నాది సుద్దపొడి గొంతని నీకు తెలీదా?"

"తెలుసు," అంది. గ్లాసు కింద పెట్టేసింది. "ఆత్మ గురించి చెప్పింది అబద్ధం కాదనుకున్నాను వదినా. రోజూ అలాగే అనుకుంటన్నాను. అలాగనుకుంటేనే నిద్ర పట్టేది."

"మరెందుకు చెప్పేవు?"

చెంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. ఆ మాటలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి. "జీపులో ఏనుగు కనపడితే నువ్వే ముందు చూసేవు. సింహం కనపడితే నువ్వే. నేను కళ్ళు తిప్పేలోపు దాని పేరూ, దాని తిండీ అన్నీ చెప్పేసేదానివి. నా చిన్నప్పట్నించీ అంతే కదా వదినా. నాకు తెలిసినవన్నీ నువ్వు చెప్పినవే. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నువ్వు చూడంది నేను చూసొచ్చి నీకు చెప్పాలనిపించింది. నువ్వు కూకుని వినాలి, నేను చెప్పాలి. అంతే."

నాకు కోపంతో పాటు నవ్వు కూడా వచ్చింది, పాడు నవ్వు. "నోరు మూసుకో వదినా అంటే మూసుకునేదాన్ని కదే. కొండ కింద నీ బూట్లు విప్పేన్నేను. నిన్ను ఊరుకోబెట్టేను. ఆ మాట చెప్పడానికి రెండు నెలలు పట్టిందా? అదీ మైకులోనా?"

"నీ ఎదురుగా చెప్పే ధైర్యం లేక మైకులో చెప్పేను," అంది. ఏడవడం మొదలుపెట్టింది. నేను ఊరుకోబెట్టలేదు. ఈసారి నా చెయ్యి లేవలేదు. జడ వేసిన తల అదే, ఏడుపు అదే, అయినా ఎవరో తెలియని మనిషి ఎదురుగా ఉన్నట్టుంది. నన్ను కొండ కిందే వదిలేసి వెళ్ళింది ఈమె, కావాలని, నిండా తెలిసి.

తను కళ్ళు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. "కూకో వదినా, ఇప్పుడు చెప్తాను. ఒక్కళ్ళకి కూడా చెప్పలేదు నేను, నీకే చెప్పాలని అట్టేపెట్టేను. నువ్వడిగినప్పుడల్లా చేసిన పని గుర్తొచ్చి నోరు రాలేదు. వెదురు పొదల్లో కూకునుంది తల్లి. దాని చేతులు, గోళ్ళతో సహా, అచ్చం మనలాగే ఉన్నాయి వదినా. దాని వీపు మీద నుంచి పిల్ల జారి కిందపడింది. పడి లేచి, అందర్నీ వదిలేసి, సరాసరి నా బూటు దగ్గరికొచ్చింది. వచ్చి, తల పైకెత్తి నా మొహంలోకి చూసి..."

నా ఒళ్ళంతా చెవులయింది. చిన్నపిల్లలా ముందుకి వంగాను. ఆ వంగడం నాకే తెలిసింది. రేచల్‌కీ తెలిసింది. ఏడుపు మొహంలోనే వెలుగు వచ్చింది, ఇన్నాళ్ళకి తను కోరుకున్నది దొరికినట్టు.

"ఆగు," అన్నాను.

ఆగింది.

"ఊళ్ళో అందరికీ చెప్పుకో. నాకు మాత్రం చెప్పకు. ఎప్పుడూ చెప్పకు."

చెయ్యి విడిపించుకుని, బిర్యానీ వాసన మధ్యలోంచి, ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ జనం మధ్యలోంచి నడిచి ఇంటికొచ్చేశాను.

రేచల్ ఇప్పటికీ సాయంత్రాలు వస్తుంది. మావారు టీ ఇస్తారు. నేనూ మాట్లాడతాను, కరెంటు గురించీ, బెన్నీ గురించీ. ఆ మధ్య మోకాలి ఆపరేషన్ అయింది, మంచం దగ్గర కూర్చుని నాకు సేవ చేసింది కూడా తనే. అప్పుడప్పుడు మాటల మధ్య నోరు తెరిచి నా వైపు చూస్తుంది. ఏం చెప్పబోతోందో నాకు తెలుసు. నేను మొహం తిప్పుకుంటాను, తను నోరు మూసుకుంటుంది. ఆ పిల్ల గొరిల్లా తల పైకెత్తి చూశాక ఏం చేసిందో నాకు తెలియదు. తెలుసుకోవాలని లేని రోజు ఒక్కటీ లేదు.